ఆ ఒక్క పదం దగ్గర ఆగు

తమ్ముడికి,

నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన చదివేశాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. బోస్నియాలోని స్రెబ్రెనిత్సా పట్టణం గురించి ఒకే పేజీలో ఊచకోత, నరమేధం, మారణహోమం, జాతిహననం నాలుగూ వాడావు. ఒకే మాట పదే పదే వస్తే చదవడానికి బాగుండదని మార్చి మార్చి రాసి ఉంటావు. కథలో అయితే సరే అనేవాణ్ని. ఇక్కడ మాత్రం ఒప్పుకోలేను. నువ్వు రాస్తున్న గొడవంతా ‘జాతిహననం’ అనే ఆ ఒక్క పదం గురించే కదా.

1995 జులైలో బోస్నియా సెర్బుల సైన్యం ఆ పట్టణాన్ని పట్టుకుని ఏడెనిమిది వేల మంది బోస్నియాక్ (బోస్నియా ముస్లిం) మగవాళ్లను, మగపిల్లలను చంపింది. ఘోరమైన నేరం జరిగిందని సెర్బియా పాలకులు కూడా అంటారు. ‘జాతిహననం’, అంటే ఒక జాతిని తుడిచిపెట్టాలనే ఉద్దేశంతో చేసిన నేరం, అనడానికి మాత్రం నోరు రాదు. అందుకని కోర్టు జాతిహననం అన్న చోట నువ్వు ఊచకోత అని రాస్తే, నీకు తెలియకుండానే ఒక ప్రభుత్వం కోరుకున్న మాట రాసినట్టవుతుంది.

ఇలాంటి తప్పు నేనూ చేశాను. 2007 ఫిబ్రవరి 26 రాత్రి డెస్క్‌లో ఉన్నాను. బోస్నియా 1993లో సెర్బియా మీద వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ రోజు తీర్పు చెప్పింది. ఏజెన్సీ వార్తలో మొదటి రెండు పేరాలు చూసి ‘సెర్బియాకు క్లీన్‌చిట్’ అని హెడ్డింగ్ పెట్టాను. పేజీ వెళ్లిపోయింది. తర్వాత తీర్పు తెచ్చుకుని చదివితే కడుపులో దేవినట్టయింది. సెర్బియా స్వయంగా జాతిహననం చేసిందని రుజువు కాలేదు, అది నిజమే. జడ్జీలు 13-2తో ఆ మాట చెప్పారు. కానీ అక్కడ జరిగింది జాతిహననమేనన్నారు. దాన్ని ఆపే బాధ్యత సెర్బియా నెరవేర్చలేదని 12-3తో, ఆ బోస్నియా సెర్బు సైన్యానికి అధిపతి అయిన మ్లాదిచ్‌ను పట్టి అప్పగించకుండా ఒప్పందాన్ని ఉల్లంఘించిందని 14-1తో తేల్చారు. జాతిహనన నిరోధక ఒప్పందాన్ని ఒక దేశం ఉల్లంఘించిందని ఆ కోర్టు చెప్పడం అదే మొదటిసారి. దాన్ని నేను క్లీన్‌చిట్ అన్నాను. కొడుకులను పోగొట్టుకున్న తల్లులకు ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆ రాత్రి నాకు తట్టలేదు. ఇన్నేళ్లయినా ఆ హెడ్డింగ్ నన్ను వదల్లేదు.

అప్పటి నుంచి తీర్పు చివర నంబర్లు వేసి ఇచ్చే ఆదేశాలు చదవకుండా ఏ ప్రభుత్వ ప్రకటననూ ముట్టుకోను. నువ్వూ అదే చెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ప్రకటనలో ఏం మాయమైందో కనిపిస్తుంది. 2010 మార్చి 31న, అర్ధరాత్రి దాటాక, సెర్బియా పార్లమెంటు చేసిన తీర్మానం చూడు. 250 మంది సభ్యుల సభలో 127 ఓట్లతో నెగ్గింది. నేరాన్ని ఖండించింది, దాన్ని ఆపడానికి చేయగలిగిందంతా చేయలేదని కుటుంబాలకు క్షమాపణ చెప్పింది. జరిగిన నేరం అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పులో నిర్ధారించినట్టుగా అని రాసుకుంది. ఆ తీర్పులోని అసలు పదాన్ని మాత్రం రాయలేదు. నీ వ్యాసానికి గుండెకాయ ఇక్కడుంది. నువ్వు దీనికి ఒక్క వాక్యం ఇచ్చావు, ఒక పేజీ ఇవ్వు. క్షమాపణ చెప్పడం చిన్న విషయం కాదు, అదీ రాయి. ఆ మాత్రానికే ఒప్పుకోని వాళ్లు ఆ సభలో చాలామంది ఉన్నారు.

ప్రకటనతో సరిపెట్టకు, తర్వాత ఏం చేశారో కూడా చూడు. తీర్పు వచ్చిన నాలుగేళ్లకు, 2011 మేలో, మ్లాదిచ్ సెర్బియాలోనే లాజరెవో అనే పల్లెలో బంధువు ఇంట్లో దొరికాడు.

ఇంకో సంగతి. సెర్బియాను ఒక్కదాన్నే నిలబెట్టి రాయకు. క్రొయేషియా జనరల్ గొటోవినాకు 2011 ఏప్రిల్‌లో యుగోస్లేవియా యుద్ధ నేరాలను విచారించే ట్రిబ్యునల్ 24 ఏళ్ల శిక్ష వేస్తే, క్రొయేషియా ప్రభుత్వం ఇది మాకు ఆమోదం కాదంది. 2012 నవంబరులో అప్పీలులో 3-2తో కొట్టేస్తే ఆయన్ను తేవడానికి ప్రభుత్వ విమానం పంపింది. ఈసారి తీర్పు రాజకీయం అన్నది సెర్బియా అధ్యక్షుడు. ట్రిబ్యునల్ అదే, మాటలు మాత్రం చేతులు మారాయి. 1995లో క్రొయేషియా సైన్యం దాడి చేసినప్పుడు ఆ దేశంలోని క్రాయినా ప్రాంతం నుంచి ట్రాక్టర్ల మీద సామాను వేసుకుని వెళ్లిపోయిన సెర్బు కుటుంబాల గోడు రెండు రాజధానుల ప్రకటనల్లోనూ వెనక్కి పోయింది. నీ వ్యాసంలో వాళ్లకు చోటివ్వు.

‘హేగ్ కోర్టు’ అని రెండింటినీ కలిపేశావు, విడదియ్యి. అంతర్జాతీయ న్యాయస్థానం దేశాల మధ్య తగువులు వింటుంది. ట్రిబ్యునల్ మనుషులను విచారించింది, 2017 చివర మూతపడింది.

స్రెబ్రెనిత్సా దగ్గరి పోటోచారి శ్మశానంలో ఏటా జులై 11న, ఆ ఏడాది ఎముకలు గుర్తుపట్టిన వాళ్లను ఖననం చేస్తారు. ఆ పేరా నువ్వు చాలా బాగా రాశావు. ఒక్క అక్షరం కూడా మార్చకు. మూడో పేజీ తిరగరాసి ఆదివారంలోగా పంపు. నేను ఇంట్లోనే ఉంటాను, చదివి ఫోన్ చేస్తాను.

మీ అన్న