మందులు తగ్గించి ఫిట్స్ కోసం ఎదురుచూడటమా?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. రెండో ఏటి నుంచి ఫిట్స్ వస్తున్నాయి. మూడు రకాల మందులు వాడినా అదుపులోకి రాలేదు. ఆపరేషన్‌కు వీలుంటుందో లేదో చూడటానికి ఆసుపత్రిలో చేర్చుకుని, కొన్ని రోజులపాటు వీడియో ఈఈజీ (మెదడు తరంగాలనూ శరీర కదలికలనూ కలిపి నమోదు చేసే పరీక్ష) తీస్తామనీ, ఆ రోజుల్లో మందులు తగ్గిస్తామనీ డాక్టర్లు అంటున్నారు. ఇన్నేళ్లూ ఒక్క పూట డోసు తప్పినా వణికిపోయిన నేను దీనికి ఎలా ఒప్పుకోవాలి? అక్కడ తల్లిగా నేను చేయగలిగేది ఏమైనా ఉంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: డోసు తప్పకూడదని ఇన్నేళ్లూ చెప్పిన డాక్టర్లే ఇప్పుడు తగ్గిస్తామంటే ఏ తల్లికైనా గుండె జారుతుందమ్మా. సరిగ్గా ఎంచిన రెండు మందులను తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే, దానిని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని 2010లో అంతర్జాతీయ నిపుణులు నిర్వచించారు. ఆ దశ దాటాక కొత్త మందొకటి చేర్చినంత మాత్రాన ఫిట్స్ పూర్తిగా ఆగిపోయే అవకాశం తక్కువ కాబట్టి, అవి మెదడులో ఎక్కడ మొదలవుతున్నాయో వెతకవలసి వస్తుంది. ఫిట్ వస్తున్న సమయంలోనే మెదడు తరంగాలూ శరీర కదలికలూ కలిసి నమోదైతేనే ఆ చోటు తేలుతుంది. ఒక్క ఫిట్ కూడా రాకుండా ఆ రోజులు గడిచిపోతే పాపకు శ్రమే మిగులుతుంది, అందుకే మందులు తగ్గిస్తారు.

మందులు తగ్గించినప్పుడు ఫిట్స్ మామూలుకన్నా తీవ్రంగానో, వెంటవెంటనో రావచ్చు. ఈ పని ఇంట్లో కాక ఆసుపత్రిలోనే చేయడానికి కారణం అదే. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే దానంతటదే ఆగే అవకాశం తగ్గిపోతుంది కనుక, లోరజెపామ్, మిడజోలామ్ వంటి మందు వెంటనే ఇవ్వడానికి సిద్ధంగా ఉంచుతారు. ఏ మందు, ఎన్నో నిమిషంలో, అర్ధరాత్రయితే ఎవరు ఇస్తారు అన్నది చేరిన రోజే అడిగి రాసుకోండి. ఇలా అడగడాన్ని ఏ మంచి డాక్టరూ తప్పుపట్టరు.

ఇక మీరు చేయగలిగేది చాలా ఉంది. ఫిట్ మొదలవగానే మంచం పక్కనున్న బటన్ నొక్కి, దుప్పటి తొలగించి, పాపకూ కెమెరాకూ మధ్య నిలబడకుండా పక్కకు జరగండి. పాపను గుండెలకు హత్తుకోవాలనిపించడం సహజమే, కానీ ఏ చేయి ముందు బిగుసుకుందో, కళ్లు ఏ వైపు తిరిగాయో చెప్పవలసిన ఆ కొద్ది క్షణాలు మీ వీపు వెనక మరుగున పడిపోతాయి. కాళ్లూ చేతులూ అదిమిపట్టవద్దు, నోట్లో ఏమీ పెట్టవద్దు, నర్సు సాయంతో పాపను ఒక పక్కకు తిప్పండి. పేరు పిలిచి, 'ఏనుగు' వంటి ఒక మాట చెప్పి, తేరుకున్నాక ఆ మాట గుర్తుందేమో అడగండి. నర్సులూ అడుగుతారు గాని, పిల్లలు తల్లి గొంతుకు పలికినట్లు మరొకరికి పలకరు. ఫిట్ తరువాత ఒక చేయి కొంతసేపు పట్టుతప్పినట్లు కనిపిస్తే వెంటనే చెప్పండి. అది చాలావరకు తాత్కాలికమే అయినా, ఫిట్ ఏ వైపు మొదలైందో చెప్పే ఆధారం.

అన్నిటికన్నా విలువైనది మీ మాట. అక్కడ వచ్చిన ఫిట్‌ను చూసి "ఇది రోజూ వచ్చేలాంటిది కాదు" అని చెప్పగలిగేది ఆ గదిలో మీరొక్కరే. ఫోన్‌లో తీసిన వీడియోలు, ఇంతవరకు వాడిన మందులు, ఏ మందుకు ఏ ఇబ్బంది వచ్చిందన్న వివరాలు వెంట తీసుకువెళ్లండి.

తలకు అంటించే తీగలు నొప్పి పెట్టవనీ, జిగురు వల్ల దురద పుట్టవచ్చుననీ పాపకు ముందే నిజం చెప్పండి. బాత్రూమ్‌కు ఒంటరిగా పంపకండి. రాత్రంతా మేలుకుని కాపలా కాయవలసిన బాధ్యత కూడా మీది కాదు. కుటుంబంలో మరొకరితో వంతులు వేసుకుని, మీ వంతు కానప్పుడు వేరేచోట నిద్రపోండి. దీనిని సలహాగా కాక పట్టుబట్టి చెబుతున్నాను, ఎందుకంటే నిద్రలేని తల్లి చూసిందీ చెప్పిందీ రెండూ తడబడతాయి.

ఇంటికి బయలుదేరేముందు, ఏ మందు ఏ మోతాదుకు తిరిగి తెచ్చారో, ఇంట్లో ఫిట్ ఆగకపోతే పాప బరువును బట్టి ఎంత మందు ఇవ్వాలో కాగితం మీద రాయించుకోండి. ఆపరేషన్ సంగతి ఆ రోజే తేలకపోవచ్చు. స్కాన్లూ ఈ నమోదులూ కలిపి చూశాకే డాక్టర్లు ఒక అభిప్రాయానికి వస్తారు.