నిర్ణయం అయిపోయాక అడిగితే ఏం లాభం?

ప్రశ్న: మాది ఓ మోస్తరు సాఫ్ట్‌వేర్ సంస్థ. ప్రతి మీటింగ్‌లో "యూజరే ముఖ్యం" అంటారు. ఏం చేయాలో మాత్రం పైవాళ్లు ముందే తేల్చేసుకుని, ఆ తర్వాత ఒక సర్వే పంపి "చూశారా, అందరికీ నచ్చింది" అంటారు. హెల్ప్‌డెస్క్‌కి వచ్చే ఫోన్లేమో తగ్గడం లేదు. నిజంగా యూజర్ మాట చెల్లాలంటే ఏం చేయాలి?

జవాబు: మీవాళ్లు సర్వే పేరుతో సంతకాలు పెట్టించుకుంటున్నారండీ. అసలు సర్వేలే వద్దనను గానీ, అడిగిన ప్రశ్న ఎంతవరకో వచ్చే జవాబూ అంతవరకే. 1985లో కోకాకోలా కంపెనీ పాత రుచి మార్చేముందు దాదాపు 2 లక్షల మందికి కొత్తది తాగించి చూసింది, ఎక్కువమంది బాగుందన్నారు. తీరా మార్చాక జనం గొడవ తట్టుకోలేక మూడు నెలలు తిరక్కుండానే పాతదాన్ని వెనక్కి తెచ్చింది. ఏ గ్లాసులోది బాగుందో తేలింది సరే, పాతది ఇక దొరకదంటే జనం ఎలా తీసుకుంటారన్నది ఒక గుక్కలో తేలుతుందా?

అందుకే అడగడం కాస్త తగ్గించి చూడటం మొదలుపెట్టండి. యూజర్ పక్కన నోరు మెదపకుండా కూర్చోవాలి (ఆ ఫీచర్ మనమే చేసుంటే ఇది మహా కష్టం). పుట్టినతేదీ గడి దగ్గర ఆగి, నెల ముందా తేదీ ముందా అని తడబడి, రెండుసార్లు చెరిపి, చివరికి "నాకే రావట్లేదేమో" అని నవ్వేస్తారు చూడండి, ఆ మనిషే సాయంత్రం సర్వేలో నాలుగు స్టార్లు ఇస్తారు! 5 మందిని ఇలా చూసినా చాలా లోపాలు బయటపడతాయని సాఫ్ట్‌వేర్ వాడటానికి సులువుగా ఉందో లేదో పరిశోధించే జాకబ్ నీల్సన్ ఎప్పుడో చెప్పాడు. అయితే ఆ లెక్క ఒకే తరహా మనుషులకే, చూపు తక్కువవాళ్లో పెద్దవయసువాళ్లో మీ యూజర్లలో ఉంటే వాళ్లను విడిగా చూడాల్సిందే.

ఇదంతా చేసి రిపోర్టు పంపితే ఎవరూ తెరవరు, మీకూ తెలుసు. నిర్ణయం తీసుకునేవాళ్లే వచ్చి కూర్చోవాలి. టీమ్‌లో ప్రతి ఒక్కరూ 6 వారాలకోసారి కనీసం 2 గంటలు యూజర్లను స్వయంగా చూడాలంటాడు అదే రంగంలోని జారెడ్ స్పూల్. ప్రతి ఒక్కరూ అంటే మేనేజర్లు కూడానని మీరే గుర్తుచేయాలి.

ఇంకోటి, కొత్త ఫీచర్‌కి ఓకే చెప్పేలోపే "ఏం కనిపిస్తే దీన్ని ఆపేస్తాం" అని ఒక్క వాక్యం వాళ్లచేత రాయించండి. రాయడానికి ఒప్పుకోకపోతే సర్వే ఊసే ఎత్తకండి, హెల్ప్‌డెస్క్‌కి వచ్చే ఫోన్లలో ఓ పది నేరుగా వాళ్లకే కలపండి.