“టీవీలో వాళ్లకంటే నేనే బాగా చెప్తా” అంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. శని, ఆదివారాలు వస్తే ఇంట్లో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ తప్ప ఇంకో చానల్ పెట్టనివ్వదు. స్టూడియోలో కూర్చుని మాట్లాడే మాజీ ఆటగాళ్లను చూసి ‘వీళ్లు చెప్పేదేముంది, వీళ్లకంటే నేనే బాగా చెప్తా’ అని విసుక్కుంటుంది. ఇప్పుడు ఆ పనే చేస్తానంటోంది. డిగ్రీ అవగానే ఇంగ్లండ్‌లో స్పోర్ట్స్ జర్నలిజం ఎం.ఏ.కి పంపమని పట్టుబట్టింది. పంపాలంటే ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవాలి. తను ఎప్పుడూ ఏ టీమ్‌లోనూ ఆడలేదు. పంపమంటారా? — ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: మీ అమ్మాయి విసుగులో న్యాయముంది. హాఫ్ టైమ్‌లో స్టూడియోకి వెళ్లగానే ‘గోల్ అద్భుతంగా కొట్టాడు, డిఫెన్స్ ఇంకాస్త జాగ్రత్తగా ఉండాల్సింది, సెకండాఫ్‌లో మిడ్‌ఫీల్డ్ పుంజుకోవాలి’ అంటారు. మ్యాచ్ చూడని మనిషి కూడా ఈ మూడు ముక్కలూ చెప్పగలడు. ఇంగ్లండ్ జనం కూడా ఎన్నో ఏళ్లుగా ఇదే సణుగుతున్నారు. అయితే అలా ఎందుకు జరుగుతుందో మీ అమ్మాయికి తెలియాలి. అది తెలియకుండా ఆ స్టూడియోలో అడుగుపెడితే తనూ అవే మాటలు మాట్లాడుతుంది.

హాఫ్ టైమ్ పదిహేను నిమిషాలు. యాడ్స్, రీప్లేలు పోగా ముగ్గురు కూర్చుంటే తలా ఒక నిమిషం దక్కడం గొప్ప. ఆ నిమిషంలో కొత్త విషయం చెప్పాలంటే అది ముందే తయారై ఉండాలి. ఇంకో కారణం కూడా ఉంది. 1970 ప్రపంచకప్‌కి ఐటీవీ చానల్ మాల్కం ఆలిసన్, డెరెక్ డూగన్, పాట్ క్రెరాండ్, బాబ్ మెక్‌నాబ్ అనే నలుగురు ఫుట్‌బాల్ వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి వాదించుకోనిచ్చింది. జనం ఎగబడి చూశారు. స్టూడియోలో ఆట తెలిసిన నలుగురు కూర్చునే పద్ధతి అప్పటి నుంచి పాతుకుపోయింది. అంటే వాళ్లను పిలిచేది ఆటను వివరించడానికి ఎంతో, మాటకు మాట అనుకోవడానికీ అంతే. చానల్ కోరుకున్నది దొరుకుతోంది, మీ అమ్మాయి కోరుకున్నది దొరకడం లేదు.

మరి బాగా చెప్పినవాళ్లు ఎలా చెప్పారు? 2011లో మాంచెస్టర్ యునైటెడ్ మాజీ డిఫెండర్ గ్యారీ నెవిల్ స్కై స్పోర్ట్స్ చానల్‌కి వచ్చాడు. 2013లో లివర్‌పూల్ మాజీ డిఫెండర్ జేమీ క్యారగర్ తోడయ్యాడు. సోమవారం రాత్రి వాళ్ల కార్యక్రమంలో గోల్‌ని వదిలేసి, దానికి ముందు రెండు పాసుల దగ్గర వీడియో ఆపి, ఫుల్‌బ్యాక్ (మైదానం పక్కల్లో కాపు కాసే డిఫెండర్) ఎక్కడ నిలబడ్డాడో, ఎక్కడ నిలబడి ఉండాల్సిందో స్క్రీన్ మీద గీసి చూపించేవాళ్లు. వాళ్లు తెలివైనవాళ్లే, సందేహం లేదు. కానీ వాళ్లకు టైమ్ ఇచ్చారు, ముందురోజుల్లో క్లిప్పులు వెతికి పెట్టే మనుషుల్ని ఇచ్చారు. అదే నెవిల్ 2015 డిసెంబర్‌లో స్పెయిన్‌లో వలెన్సియా కోచ్‌గా వెళ్తే నాలుగు నెలలు కూడా నిలవలేదు. ఆటను వివరించడం, ఆడించడం రెండూ వేరు వేరు పనులని దీన్నిబట్టే తెలుస్తుంది.

తప్పు చెప్పడం గురించి కూడా ఒక మాట. 1995 ఆగస్టులో కుర్రాళ్లతో నిండిన మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ తొలి మ్యాచ్ ఓడినప్పుడు బీబీసీలో లివర్‌పూల్ మాజీ డిఫెండర్ అలన్ హాన్సన్ ‘పిల్లలతో ఏదీ గెలవలేరు’ అన్నాడు. ఆ ఏడాది ఆ పిల్లలే లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిచారు. ఆ మాట ఆయన్ను జీవితమంతా వెంటాడింది. అయినా ఆయన 2014 దాకా అదే కుర్చీలో ఉన్నాడు, ఎందుకంటే డిఫెన్స్ ఎక్కడ తెగిందో ఆయన చూపించినంత స్పష్టంగా చూపించేవాళ్లు అప్పట్లో తక్కువ. నన్నడిగితే జోస్యం తప్పినా పరవాలేదు, ఏమీ తేల్చకుండా నసిగేవాళ్లే పనికిరారు.

ఇక చేదు విషయం. విశ్లేషకుడి కుర్చీ మాజీ ఆటగాళ్లది. ఏ ఎం.ఏ. కూడా దాన్ని ఇప్పించలేదు. ఇంగ్లండ్ తరఫున 140 మ్యాచ్‌లు ఆడిన అలెక్స్ స్కాట్ కూడా టీవీకి రావడానికి స్టాఫర్డ్‌షైర్ యూనివర్సిటీలో స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ డిగ్రీ చేసింది. ఆడినవాళ్లే చదువుకుని పోటీకి వస్తున్నప్పుడు, ఆడని మనిషి చదువుతో మాత్రమే ఆ కుర్చీకి పోటీ పడడం కష్టం. మన దేశంలో దీనికి ఒక గొప్ప మినహాయింపు ఉంది. నోవీ కపాడియా ఢిల్లీ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ప్రొఫెసర్, దశాబ్దాలపాటు టీవీలో ఫుట్‌బాల్ నిపుణుడు. 2021లో పోయారు. భారత ఫుట్‌బాల్ చరిత్రంతా ఆయన నాలుక మీద ఉండేది. అలాంటి మనిషి తరానికొకరు వస్తారేమో, దాన్ని నమ్ముకుని లోన్ తీసుకోలేం.

కానీ పక్కనే ఇంకో కుర్చీ ఉంది, యాంకర్‌ది. దానికి ఆడి ఉండాలన్న నియమం లేదు. బీబీసీలో ప్రీమియర్ లీగ్ హైలైట్స్ చూపించే మ్యాచ్ ఆఫ్ ద డే కార్యక్రమాన్ని మాజీ ఆటగాడు గ్యారీ లినేకర్ 1999 నుంచి 2025 మే దాకా నడిపాడు. ఆయన తర్వాత వచ్చిన కెల్లీ కేట్స్, మార్క్ చాప్‌మన్, గాబీ లోగన్ ముగ్గురిలో ఒక్కరు కూడా ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ కాదు. లోగన్ వేల్స్ తరఫున రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో పోటీపడిన మనిషి. (లినేకర్‌కి బీబీసీ ఏడాదికి 13 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చేదని మీ అమ్మాయి మీకు చెప్పే ఉంటుంది. ఆ అంకెను పక్కన పెట్టండి, అది ఒక్కడి జీతం.)

యాంకర్ పని చూడ్డానికి తేలిక, చేయడానికి కాదు. చెవిలో ప్రొడ్యూసర్ ‘ముప్పై సెకన్లు’ అని అరుస్తుంటాడు. పక్కన మాజీ ఆటగాడు ఎటో వెళ్లిపోతుంటాడు. చిన్న ప్రశ్నతో అతన్ని మళ్లీ విషయానికి తేవాలి. అమెరికా సీబీఎస్‌లో చాంపియన్స్ లీగ్ కార్యక్రమం చేసే కేట్ స్కాట్‌ని (ఇదివరకటి పేరు కేట్ అబ్డో) మీ అమ్మాయిని గమనించమనండి. పక్కన మాజీ ఆటగాళ్లు థియరీ హెన్రీ, క్యారగర్, మైకా రిచర్డ్స్ ముగ్గురూ నవ్వుల్లో పడతారు. కాసేపు నవ్వనిచ్చి, సరిగ్గా అడగాల్సిన చోట ‘ఎందుకు?’ అని అడుగుతుంది. నాలుగు భాషలు మాట్లాడుతుంది, అంతకుముందు జర్మనీ టీవీల్లో పనిచేసింది. స్టూడియోలో విశ్లేషణ బాగుందంటే సగం పుణ్యం ప్రశ్న అడిగినవాళ్లదే అని నా నమ్మకం.

మూడోది కామెంటరీ. జాకీ ఓట్లీ మోకాలి గాయంతో ఆట మానేసి, హాస్పిటల్ రేడియోలో మొదలుపెట్టి, షెఫీల్డ్ హాలమ్ యూనివర్సిటీలో బ్రాడ్‌కాస్ట్ జర్నలిజం చదివి, 2007 ఏప్రిల్‌లో మ్యాచ్ ఆఫ్ ద డేలో కామెంటరీ చెప్పిన తొలి మహిళ అయింది. అప్పుడు ఒక ఆడమనిషి గొంతు వినాలా అని పత్రికల్లో పెద్ద గొడవ. ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగు. అయినా సోషల్ మీడియాలో ఆడవాళ్లకు వచ్చే తిట్లు మగవాళ్లకు రావు. ఇది కూడా మీ ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి.

డబ్బు, వీసా సంగతికి వద్దాం. అసలు టెన్షన్ ఇక్కడే. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఎం.ఏ.కి విదేశీ విద్యార్థుల ఫీజు చాలా చోట్ల 15 వేల నుంచి 25 వేల పౌండ్ల మధ్య ఉంటుంది. లండన్ బయట ఉంటే నెలకు 1,100 పౌండ్లకు పైగా, లండన్‌లో దాదాపు 1,500 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు ముందే బ్యాంకులో చూపించాలి. అన్నీ కలిపితే 30 లక్షలు దాటడం మామూలే. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. మీ అమ్మాయి లెక్క ఆ 18 నెలలదే.

ఆ 18 నెలల్లో ఏం దొరుకుతుంది? టీవీ స్పోర్ట్స్‌లో అడుగుపెట్టే దారి చాలాసార్లు ‘రన్నర్’ పని. టేపులు అందించడం, గెస్టుల్ని స్టూడియోకి తీసుకురావడం, కాఫీ తేవడం. లేదంటే మ్యాచ్‌కింత అని ఇచ్చే ఫ్రీలాన్స్ పని. స్టూడెంట్ వీసా మీద ఫ్రీలాన్సింగ్ కుదరదు, గ్రాడ్యుయేట్ వీసా మీద కుదురుతుంది. కానీ అది అయిపోయాక అక్కడ ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. దానికి ఒక కంపెనీ ఉద్యోగమిచ్చి స్పాన్సర్ చేయాలి, జీతం మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్లు ఉండాలి, కొత్తగా చదువు ముగించినవాళ్లకు కొంత తక్కువ. ఫ్రీలాన్సర్‌ని ఎవరూ స్పాన్సర్ చేయరు. రన్నర్ పనికి స్పాన్సర్‌షిప్ వచ్చే వీలే లేదు. సాఫ్ట్‌వేర్ పిల్లలతో ఈ లెక్కను పోల్చకండి. అక్కడ పుట్టిన పిల్లలు అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ మూడేళ్లు చిన్న జీతానికి రన్నర్‌గా చేయగలరు. ఈఎంఐ నెత్తిమీద ఉన్న మన పిల్ల చేయలేదు.

కాబట్టి డిగ్రీ అవగానే పంపడం నాకు ఇష్టం లేదు. రెండేళ్లు ఇక్కడ పనిచేశాక ఆలోచించండి.

ఇక్కడ పని ఉందా అంటే ఉంది, కొంచెం వెతుక్కోవాలి. ప్రీమియర్ లీగ్ మన దేశంలో జియోస్టార్ చేతిలో ఉంది. చిత్రమేమిటంటే శనివారం అక్కడి టైమ్ ప్రకారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్‌లు ఇంగ్లండ్‌లో టీవీలో లైవ్ రావు, ఉప్పల్‌లో మీ ఇంట్లో వస్తాయి. 2022 ప్రపంచకప్‌ను జియోసినిమా ఇంగ్లిష్, హిందీ, తమిళం, మలయాళం, బెంగాలీల్లో ఇచ్చింది. ఆ జాబితాలో తెలుగు లేదు. స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానల్ 2018 నుంచి ఉంది, ఐపీఎల్, కబడ్డీ తెలుగులో చెప్పేవాళ్లు తయారయ్యారు. ఫుట్‌బాల్‌ని తెలుగులో తడుముకోకుండా చెప్పగల అమ్మాయికి పోటీ తక్కువ. మలయాళంలో షైజు దామోదరన్ కామెంటరీ కోసమే మ్యాచ్ పెట్టుకునేవాళ్లున్నారు. అలాగని మురిసిపోవద్దు. 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. లీగ్ నిర్వహణ ఒప్పందం గొడవల్లో ఐఎస్‌ఎల్ 2025-26 సీజన్ మొదలవడమే నెలలు ఆలస్యమైంది. ఫుట్‌బాల్ ఒక్కటే నమ్ముకున్న యాంకర్‌కి ఆ నెలల్లో జీతమెక్కడిది? యాంకర్ మయంతి లాంగర్ కూడా ఫుట్‌బాల్ కార్యక్రమంతో మొదలై క్రికెట్‌తో ఇంటింటికీ తెలిసింది. మీ అమ్మాయికి క్రికెట్, కబడ్డీ కూడా రావాలి. తను మొహం చిట్లించినా సరే.

ఈ రెండేళ్లలో ఏం చేయాలో తనకే చెప్తాను. అమ్మా, ఈ శనివారం ఒక మ్యాచ్ సౌండ్ తీసేసి చూడు. ఒకే ఒక్క గోల్ ఎంచుకో. అది ఎలా పుట్టిందో తెలుగులో 90 సెకన్లు మాట్లాడి ఫోన్‌లో రికార్డు చెయ్. ‘అద్భుతం’, ‘సూపర్’, ‘చెత్త’ లాంటి మాటలు వాడొద్దు. ఫుట్‌బాల్ అసలు తెలియని మీ అమ్మకి వినిపించు. ఆవిడకు అర్థం కాకపోతే స్టూడియోలో వాళ్లను నువ్వు ఇంకా దాటలేదన్నమాట. ప్రతి వారం చెయ్. ఇంకో వారం మీ స్నేహితురాలిని విశ్లేషకురాలిగా కూర్చోబెట్టి నువ్వు ప్రశ్నలు మాత్రమే అడుగు. ఐ-లీగ్‌లో ఆడిన శ్రీనిధి డెక్కన్ లాంటి క్లబ్బులు, స్థానిక లీగులు ఇక్కడే ఉన్నాయి. స్కోరు రాసేవాళ్లు, సోషల్ మీడియాకి వీడియో తీసేవాళ్లు వాళ్లకు ఎప్పుడూ కావాలి, వెళ్లి అడుగు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకో. సికింద్రాబాద్ ఫుట్‌బాలర్ తులసీదాస్ బలరాం గురించి, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిపించిన కోచ్ ఎస్.ఎ. రహీం సాబ్ గురించి పాత పేపర్లు తిరగేసి రాసుకో. ఏ లివర్‌పూల్ మాజీ ఆటగాడికీ తెలియని విషయం అది.

అయ్యా, రెండేళ్ల తర్వాత కూడా తను వెళ్తానంటే కోర్సు ఎంపికలో ఒక్కటి చూడండి. అక్కడి జర్నలిజం కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌సీటీజే లేదా బీజేటీసీ సంస్థల గుర్తింపు ఉన్న కోర్సులే తీసుకోండి. ర్యాంకింగులు, క్యాంపస్ ఫొటోలు వదిలేయండి. గత రెండేళ్లలో ఆ కోర్సు చేసిన భారతీయ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ, ఏ వీసా మీద, ఏ పని చేస్తున్నారో అడ్మిషన్స్ వాళ్లకు ఈమెయిల్ రాసి అడగండి. సూటిగా జవాబివ్వని యూనివర్సిటీ పేరును జాబితాలోంచి కొట్టేయండి.