కిరాయి గదులు ఇస్తానంటున్న మా అల్లుడికి

అల్లుడా,

మీ నాన్న కట్టిన ఇంట్లో నాలుగు గదులూ విడివిడిగా కిరాయికి ఇస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమే. మీ మామయ్య మంచిర్యాల నుంచి కాగితం మిల్లు పనికి మహారాష్ట్రలోని ఈ బల్లార్షా వచ్చినప్పుడు మాకు ఒక్క రేకుల గదే దిక్కు, ఇప్పుడు మనమే నలుగురికి నీడ ఇస్తున్నామంటే మాటలా! కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అదీ చెప్పేస్తున్నా.

ఆధార్ కాపీలు తీసుకో, పోలీస్ స్టేషన్‌లో వివరాలివ్వు, ఏ గది కరెంటు ఆ గదికే లెక్క తేలేలా గదికో సబ్ మీటర్ పెట్టించు. బాత్రూం ఒక్కటే కాబట్టి పొద్దున ఎవరి వంతు ఎప్పుడో ముందే తేల్చు. ఇవన్నీ నీకు తెలిసినవే.

"మనూరోళ్లే కదా, కాగితాలెందుకు" అన్నావట. అదిగో, అక్కడే నా గుండె ఝల్లుమంది.

2007లో మా గదులు కిరాయికి ఇచ్చినప్పుడు మేమూ అదే అన్నాం. సిర్పూర్ వైపు నుంచి ఒకతను వచ్చాడు, మాట మంచిగా ఉంది, పైగా మన తెలుగోడు. కిరాయి 1,200, అడ్వాన్స్ 5,000, అంతా నోటిమాట. ఐదు నెలలు కట్టి ఆ తర్వాత రేపు, మాపు. అతన్ని చూసి పక్క గదులవాళ్లు కూడా నసగడం మొదలుపెట్టారు. అసలే మే నెల, ఇక్కడి ఎండ సంగతి నీకు చెప్పాలా, మీ మామయ్య కోపంతో ఆ గది ఫ్యూజ్ పీకేశాడు. కాదులే, పీకమన్నది నేనే. ఇన్నేళ్లూ ఆయన మీదకే తోస్తూ వచ్చాను. సాయంత్రం చూస్తే అతని భార్య, ఏడో నెల, గడపలో కూర్చుని చాటతో విసురుకుంటోంది. నన్ను ఒక్క మాట అనలేదు, చెంబెడు చల్లనీళ్లు అడిగింది, అంతే.

లాయరు దగ్గరికెళ్తే ఆయన మమ్మల్నే తిట్టాడు. మహారాష్ట్రలో 1999 కిరాయి చట్టం ప్రకారం యజమాని కరెంటు, నీళ్లు ఆపకూడదట, అది 29వ సెక్షన్. 55వ సెక్షన్ ఇంకా గట్టిది: ఒప్పందం రాసి రిజిస్టర్ చేయించే బాధ్యత ఇంటివాడిదే, కాగితం లేకపోతే మనం రుజువు చేసేదాకా కిరాయిదారు చెప్పిందే చెల్లుతుంది. మనకే మూడు నెలల దాకా జైలో, 5,000 దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. ఇంకేం, కిరాయి 700 అని, అడ్వాన్స్ 15,000 ఇచ్చానని అన్నాడతను. మా దగ్గర ఏముంది చూపించడానికి? బాకీ వదులుకుని, ఎదురు డబ్బులిచ్చి పంపాం.

11 నెలలకైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఎవరైనా అంటే వినకు, అది వేరే రాష్ట్రాల మాట, ఇక్కడ 11 నెలలకైనా చేయించాల్సిందే. లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంట్, అంటే గడువు పెట్టి గది వాడుకోనిచ్చే ఒప్పందం, రాయించు. స్టాంపు ఖర్చు మొత్తం కిరాయికి అడ్వాన్స్ మీద ఏడాదికి పది శాతం వడ్డీ కలిపి, అందులో పావు శాతం లెక్క, రిజిస్ట్రేషన్ ఫీజు వేరే. గదిలో నలుగురుంటే నలుగురి పేర్లూ రాయాలి, ఒకడు పారిపోయి మిగతా ముగ్గురూ నాకేం తెలియదంటే ఏం చేస్తావు? గడువైపోయినా కదలనివాడి దగ్గర కిరాయికి రెట్టింపు వసూలు చేసుకునే వీలు 24వ సెక్షన్‌లో ఉంది, కానీ దానికీ కాగితమే కావాలి.

కోపమొస్తే మీటరు దగ్గరికి పోకు, నాకు ఫోన్ చెయ్, నన్ను తిట్టు పోనీ.

వచ్చే నెల మామిడికాయ పచ్చడి తీసుకుని వస్తా. నాలుగు అగ్రిమెంట్లూ నా చేతిలో పెట్టాకే జాడీ మూత తీస్తా.

మీ అత్తమ్మ