సైకిల్‌కు 25 మి.మీ. టైరు తీసి 32 వేశాను, అదే రిమ్ము. గాలి పాతలాగే 90 పీఎస్ఐ కొట్టాలా?

90 వద్దండి. మీరు అడిగింది గాలి గురించే అయినా నేను రిమ్ము గురించే ఎక్కువ చెప్తాను. నాకు దెబ్బ తగిలింది అక్కడే.

నేనూ ఇదే పని చేశాను. లోపలి వెడల్పు 15 మి.మీ. ఉన్న పాత రిమ్ముకే 32 ఎక్కించి, అలవాటు కొద్దీ 90 కొట్టాను. మెత్తగా ఉంటుందని కొన్న టైరు పాతదానికన్నా గట్టిగా తగిలింది. ఒత్తిడి ఒకటే అయినా టైరు లావయ్యే కొద్దీ దాని పొర మీద బిగువు పెరుగుతుంది. 25లో 90 కొడితే వచ్చే బిగువు 32లో 70కే వచ్చేస్తుంది. రిమ్ము అంచులను బయటికి తోసే బలం కూడా పెరుగుతుంది.

గతుకులకు నడుము పట్టేసి, ఒకేసారి 40కి దించాను. మర్నాడు దిగుడు రోడ్డులో ఒక మలుపు. సైకిల్ వంచగానే వెనక టైరు ఒకవైపు, రిమ్ము ఇంకోవైపు పోతున్నట్టు ఊగింది. బ్రేకు పట్టేలోపే గుంత వచ్చింది. ఠక్కున రిమ్ము తగిలిన చప్పుడు, వెంటనే గాలంతా పోయింది. పడలేదు గానీ, రోడ్డు పక్కన కూర్చుని ట్యూబు తీస్తుంటే చేతులు వణికాయి. ట్యూబుకు పక్కపక్కనే రెండు చీలికలు, పాము కాటులా. గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగితే పడే గుర్తు అది.

ఇంటికొచ్చి టైరును కాలిపర్‌తో కొలిస్తే 30.2 వచ్చింది. పేరుకే 32! సన్నటి రిమ్ములో లావు టైరు కింద ఇరుకై, పైన ఉబ్బి, బల్బులా నిలబడుతుంది. గాలి తగ్గితే ఊగక ఏం చేస్తుంది? అదే టైరును లోపలి వెడల్పు 21 ఉన్న రిమ్ముకు మార్చాను, 32.6 వచ్చింది. రిమ్ము లోపల 1 మి.మీ. పెరిగితే టైరు సుమారు 0.4 పెరుగుతుంది. ఇప్పుడు వెనక 58, ముందు 52తో అదే మలుపులో నిబ్బరంగా తిరుగుతున్నాను. రిమ్ము మార్చే ముందు ఫోర్కులో, వెనక ఫ్రేములో ఎంత ఖాళీ ఉందో మాత్రం చూసుకోండి.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. టైరు మీద అచ్చేసిన గరిష్ఠ అంకెను చాలామంది కొట్టాల్సిన గాలి అనుకుంటారు. అది దాటకూడని హద్దు మాత్రమే. హుక్‌లెస్ రిమ్ములకైతే, అంటే టైరును పట్టి ఉంచే కొక్కెం అంచు లేనివాటికి, 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ దాటకూడదు, టైరు మీద ఎంత రాసి ఉన్నా సరే. గట్టిగా ఉంటేనే వేగం అనే నమ్మకం కూడా నున్నటి ట్రాక్ మీదే పనిచేస్తుంది. గరుకు రోడ్డు మీద గట్టి టైరు ఎగిరి ఎగిరి మన ఒంటినే కుదుపుతుంది, బలమంతా అక్కడే పోతుంది. ఇక బొటనవేలితో నొక్కి సరిపోయింది అనేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 60కీ 80కీ తేడా వేలికి తెలియదు, గేజీ కొనండి.

మీ బరువు 70 కిలోల దగ్గర ఉంటే వెనక 65, ముందు 60తో మొదలుపెట్టి, ఒక్కో రైడుకు 3 చొప్పున తగ్గించండి. మలుపులో టైరు ఊగినా, గుంతలో రిమ్ము తగిలినా 5 పెంచి అక్కడ ఆగండి. మీ రిమ్ము కూడా నా పాతదానిలా 15దే అయితే, ఆ ఊగడం నాకన్నా ముందే మొదలైనా ఆశ్చర్యపోకండి.