టెక్ సందేహాలు: రెండు బ్యాటరీలు మార్చినా జీపు స్టార్ట్ కావడం లేదు

ప్రశ్న: మాది 2003 మోడల్ డీజిల్ జీపు, ఫోర్‌వీల్ డ్రైవ్. డిండి దగ్గర బత్తాయి తోటకు రోజూ దానిమీదే వెళ్తాం. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాం, డైనమోలో కార్బన్ బ్రష్‌లు వేయించాం. అయినా కొన్ని రోజులు సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోతుంది, కొన్ని రోజులు బాగానే తిరుగుతుంది. ఇండికేటర్ వేస్తే డీజిల్ ముల్లు కూడా దానితోపాటే ఊగుతోంది. మొన్న నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాక యాక్సిలరేటర్ కేబుల్ చేయి పెట్టలేనంత వేడెక్కింది. డైనమో మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఇప్పుడే మార్చకండి. ఊగుతున్న ముల్లు, వేడెక్కిన కేబుల్ రెండూ ఎర్త్ వైపే, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే దారి వైపే, వేలు చూపిస్తున్నాయి. ముందుగా ఒక మాట. ఎర్త్ సరిచేసే వరకు పదే పదే సెల్ఫ్ కొట్టవద్దు. ఆ వేడికి కేబుల్ లోపలి పొర కరిగి, యాక్సిలరేటర్ తొక్కిన చోటే ఇరుక్కుపోవచ్చు.

బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు పని చేశాక తిరిగి బ్యాటరీకే చేరాలి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి, బ్యాటరీ నెగటివ్ తీగ బిగించి ఉండే చాసిస్‌కూ (బండి ఇనుప చట్రం) దానికీ మధ్య రాకపోకలకు దారి ఒక్కటే, జడలా అల్లిన రాగి పట్టీ. అది చిలుము పట్టి తెగిపోతే సెల్ఫ్ మోటారు లాగే 200 ఆంపియర్లకు పైబడిన కరెంటు దొరికిన దారిన పోతుంది. మీ జీపులో దానికి దొరికినది యాక్సిలరేటర్ కేబుల్‌లోని సన్నని ఉక్కు తీగ.

చాలామంది మల్టీమీటరు బీప్ మోగిందంటే ఎర్త్ బాగుందనుకుంటారు. పట్టీలో ఒక్క పోగు మిగిలినా బీప్ మోగుతుంది. ఓమ్‌లో నూరో వంతు అడ్డం ఉన్నా 200 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. అందుకే కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి. మూడు నాలుగు వందల రూపాయల మల్టీమీటర్ చాలు. బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ అందుకోకుండా స్టాప్ నాబ్ లాగి పట్టండి. మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టి దాని ఒక తీగ ముల్లును బ్యాటరీ నెగటివ్ సీసపు మొన (టెర్మినల్) మీదే ఆనించండి. దానికి బిగించిన క్లాంపు మీద కాదు. రెండో ముల్లును ఇంజిన్ మీద రంగులేని చోట పెట్టి, మరొకరితో మూడు నాలుగు సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. 0.3 లోపు ఉంటే బాగున్నట్టే. 0.5 దాటితే ఎర్త్ పాడైనట్టే. ఆ తర్వాత మొన నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి చాసిస్‌కు, చాసిస్ నుంచి ఇంజిన్‌కు విడివిడిగా కొలిస్తే అంకె ఎక్కడ ఎగిరితే తప్పు అక్కడే ఉంటుంది.

విప్పి చూడండి. పైకి బోల్టు గట్టిగానే ఉంటుంది. కింద పట్టీ చివర ముట్టుకుంటే ఆకుపచ్చ పొడి రాలుతుంది, పోగులు పెళుసుగా విరుగుతాయి. బండికి ఎప్పుడైనా రంగు వేయించి ఉంటే చాసిస్ మీద ఆ రంగు పైనే పట్టీ బిగించి ఉండవచ్చు. ఇది నేను చాలా బండ్లలో చూశాను. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పి, లోహం మెరిసేదాకా ఎమెరీ కాగితంతో రుద్ది, కొత్త పట్టీ బిగించాక పైన వాజిలీన్ రాయండి. నన్నడిగితే బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజిన్‌కు మరో మందపాటి రాగి తీగ కూడా వేయించండి. ఖర్చు కొత్త బ్యాటరీలో చిన్న వాటా కూడా కాదు.

ఇక ఛార్జింగ్. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 చూపాలి. ఇంజిన్ నడుస్తూ హెడ్‌లైట్లు వేసి ఉన్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ లోపలే ఉన్న డైనమో చాలావరకు తన దగ్గరి వోల్టేజీనే చూసుకుంటుంది. తన దగ్గర 14.2 ఉంటే సరిపోయిందనుకుంటుంది. ఎర్త్ బాగాలేకపోతే బ్యాటరీకి చేరేది 13 మాత్రమే. మీ రెండు బ్యాటరీలూ ఇలా ఆకలితోనే చచ్చి ఉంటాయి. తాళం తిప్పగానే ఎర్ర బ్యాటరీ లైటు వెలుగుతోందో లేదో కూడా చూడండి. ఆ చిన్న బల్బు మాడిపోతే చాలా పాత బండ్లలో డైనమో మేలుకోదు.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి డైనమోను పరీక్షించడం మన దగ్గర ఇంకా సాగుతోంది. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. ఆ క్షణంలో ఎగసిన వోల్టేజీకి డైనమోలో ఏసీని డీసీగా మార్చే డయోడ్లు కాలిపోవచ్చు.

డైనమోను తిప్పే బెల్టును మాత్రం నిర్లక్ష్యం చేయకండి. ఇలాంటి చాలా డీజిల్ బండ్లలో బ్రేకులకు బలమిచ్చే వాక్యూమ్ పంపు డైనమో వెనకే ఉంటుంది. బెల్టు తెగితే ఛార్జింగుతోపాటు బ్రేక్ పెడల్ కూడా బిగుసుకుంటుంది. శ్రీశైలం ఘాట్ దిగుతుండగా అలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: పాత డీజిల్ బండిలో కొత్త స్టీరియో పెట్టించాను. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లలో ఈల పెరుగుతోంది.
– కల్వకుర్తి

జవాబు: స్టీరియో, ఫోను ఛార్జర్ ఎర్త్‌లు వేర్వేరు చోట్ల ఉంటే ఒకే బోల్టుకు తెచ్చి చూడండి. అయినా తగ్గకపోతే, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద ఏసీ వోల్టులు కొలవండి. అర వోల్టు దాటితే డైనమోలో డయోడ్ పోయినట్టు అనుమానించాలి.

ప్రశ్న: ఫ్లోరైడ్ తీసిన నీళ్లు బ్యాటరీలో పోయవచ్చా?
– మునుగోడు

జవాబు: వద్దు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతి తాగే నీళ్ల కోసం. మిగతా లవణాలు అందులో అలాగే ఉంటాయి. ఆర్‌వో నీళ్లలోనూ కొంత మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, అదీ ప్లేట్లు మునిగి లోపలి గుర్తు వరకే పోయండి.