గ్రాఫిక్ డిజైన్ చరిత్రలో తెలుగు అక్షరానికి చోటెక్కడ?

మీరు అడిగినవి రెండు సంగతులు. డిజైన్ కోర్సు పాఠాలన్నీ విడి అక్షరాల అచ్చును యూరప్‌లో మొదలుపెట్టిన గుటెన్‌బర్గ్‌తో మొదలై, ఇరవయ్యో శతాబ్దపు బౌహౌస్ (జర్మనీ డిజైన్ బడి), స్విస్ శైలి మీదుగా కంప్యూటర్ దాకా వచ్చి ఆగిపోతున్నాయి, ఇందులో తెలుగు ఎక్కడుంది అన్నది ఒకటి. ఈ చరిత్ర చదివితే రేపు పనిలో దేనికైనా పనికొస్తుందా అన్నది రెండోది. నేను తొంభైల్లో విజయవాడలో డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) ఆపరేటర్‌గా చేరి, ఇప్పటికీ పుస్తకాల పేజీలు కట్టే పనిలోనే ఉన్నాను. రెండింటికీ నా జవాబు ఒకటే. వత్తును పట్టుకుని చదవండి. అచ్చు పనిముట్టు మారిన ప్రతిసారీ తెలుగు వత్తు ఏమైందో చూస్తూ పోతే, పాఠాల్లో చెప్పినవీ చెప్పనివీ రెండూ అర్థమవుతాయి.

గుటెన్‌బర్గ్ దగ్గరే మొదలుపెడదాం. 1455 ప్రాంతంలో జర్మనీలోని మైంజ్‌లో బైబిల్ వేసినప్పుడు అది చేతిరాత ప్రతిలా ఉండాలని ఆయన తాపత్రయపడ్డాడు. ఒకే అక్షరానికి వేరు వేరు వెడల్పులు, జంట అక్షరాలు కలిపి రెండు వందలకు పైగా రూపాలు పోత పోయించాడు. తర్వాతి తరాలు లాటిన్ లిపిలో (ఇంగ్లీషు రాసే లిపి అదే) వాటిని చాలావరకు వదిలించుకోగలిగాయి. తెలుగుకు ఆ వీలు లేదు. గుణింతాలు, వత్తులు కలుపుకుంటే మన రూపాలు వందల్లోనే ఉంటాయి.

తెలుగు పుస్తకాలు అచ్చయిన తొలి చోట్లలో జర్మనీలోని హాలే ఒకటి. మద్రాసులో మిషనరీగా పనిచేసి వెనక్కి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746-47 ప్రాంతంలో అక్కడ వేయించాడు. ఆ తర్వాత బెంగాల్‌లో శ్రీరాంపూర్ మిషన్ ప్రెస్. 1812లో అక్కడ అగ్నిప్రమాదం జరిగి తెలుగు అచ్చు అక్షరాలు కూడా పోయాయి. అయినా 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం అక్కడి నుంచే వచ్చింది. మద్రాసులో కాలేజీ ప్రెస్, 1852లో బ్రౌన్ నిఘంటువు, 1854లో మొదలైన వావిళ్ల వారి ముద్రణ ఈ వరుసలోవే. ఈ పుస్తకాల స్కాన్లు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. తెరిచి, పేజీని పెద్దది చేసి, వత్తుల్ని మాత్రమే చూడండి.

నేను చేరిన ప్రెస్సులో వెనక గదిలో ఇంకా లెటర్‌ప్రెస్, అంటే సీసపు అక్షరాలు పేర్చి అచ్చు వేసే పద్ధతి, నడుస్తుండేది. పెళ్లి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు. మేమందరం బాబాయ్ అని పిలిచే కంపోజిటర్ (అక్షరాలు పేర్చేవాడు) ఒకాయన కేసు, అంటే అక్షరాల అరల పెట్టె ముందు నిలబడి, ఎడమ చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్ పట్టుకుని, చూడకుండానే అక్షరాలు ఏరేవాడు. సీసపు అచ్చు దీర్ఘచతురస్రపు కడ్డీ. ఒక కడ్డీ కిందికి ఇంకో కడ్డీ దూరదు. కాబట్టి వత్తుకు ఉన్నవి మూడు దారులు. అక్షరంతో కలిపి ఒకే ముక్కగా పోత పోయాలి, లేదా కడ్డీ అంచు దాటి బయటికి పొడుచుకొచ్చేలా చేయాలి (ఇవి తొందరగా విరుగుతాయి), లేదా కుడిపక్కన వేరే కడ్డీగా నిలబెట్టాలి. పాత పుస్తకాల్లో వత్తు తన అక్షరం కింద ఉండాల్సింది పోయి పక్కకి జరిగి కనిపిస్తుందంటే కారణం ఈ మూడోదే. అది ఆ కాలం వాళ్ల అభిరుచి అనుకుంటారు చాలామంది. లోహం పెట్టిన షరతు అది.

ఆ షరతు లేని దారి రాతి అచ్చు, అంటే లితోగ్రఫీ. 1796లో సెనెఫెల్డర్ కనిపెట్టాడు. రాయి మీద గీసింది గీసినట్టు పడుతుంది, కడ్డీల గొడవ లేదు. 1894లో చిత్రకారుడు రవివర్మ బొంబాయిలో పెట్టిన ప్రెస్సు ఈ పద్ధతిదే. తర్వాత సినిమా పోస్టర్లకూ ఇదే దారి చూపింది. తెలుగు అక్షరానికి అసలైన స్వేచ్ఛ పోస్టర్ల మీద, పుస్తకాల అట్టల మీద దొరికిందని నా నమ్మకం. బాపు రాసిన అక్షరాలు చూడండి. వత్తు ఎక్కడ సాగాలో, ఎక్కడ ముడుచుకోవాలో పక్క అక్షరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. లోపలి పేజీలు సీసంలో కూర్చినవి, అట్ట మాత్రం చేత్తో రాసినది. దశాబ్దాల పాటు ఒకే తెలుగు పుస్తకంలో రెండు యుగాలు కలిసి ఉన్నాయి. కోర్సు పాఠాల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు, నాకు ఆ బాధ ఉంది.

ఆఫ్‌సెట్ అచ్చు కోసం బ్రోమైడ్లు (ఫొటో కాగితం మీద తీసిన అక్షరాలు) కత్తిరించి అంటించే రోజులు త్వరగా గడిచిపోయాయి. 1984లో మెకింటాష్ కంప్యూటర్, 1985లో పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, యాపిల్ లేజర్ ప్రింటర్ వచ్చాయి. పేజ్‌మేకర్ చేసిన కంపెనీ పేరు ఆల్డస్. వెనిస్‌లో 1501లో ఇటాలిక్ (వాలు) అచ్చు అక్షరాలతో చిన్న పుస్తకాలు తెచ్చిన ఆల్డస్ మనుటియస్ పేరే అది. మనకు అను, శ్రీలిపి ఫాంట్లు వచ్చి పని చాలా వేగం అందుకుంది. కానీ అప్పటి ఫాంటులో ఉన్నవి 256 గడులు (ఒక్కో రూపానికి ఒక్కో గడి), అందులోనూ కొన్ని వాడుకోవడానికి వీల్లేదు. అందుకని అక్షరాన్ని తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అంటూ ముక్కలు చేసి గడుల్లో సర్దారు. ‘క’ కన్నా ‘ఘ’ వెడల్పైనా, రెండింటి కింద వచ్చే యవత్తూ ఒకటే. హెడ్డింగులో ‘రాష్ట్రం’ అని వస్తే రెండు వత్తుల్నీ చేత్తో జరుపుకుంటూ కూర్చునేవాళ్లం. చోటు చాలకపోతే సెట్ విడ్త్ (అక్షరం వెడల్పు) 80 శాతం చేసేసేవాళ్లు, నిలువు గీతలు సన్నబడి అక్షరం రూపే మారిపోయేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ.

ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. దాని మొదటి వెర్షన్ 1991 నాటికే తెలుగుకు చోటిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి అందరికీ ఇచ్చారు, ఆ మేలు మరవలేనిది. యూనికోడ్‌లో ఫైలులో ఉండేది అక్షరాల వరుస మాత్రమే. ఏ వత్తు ఏ రూపంలో ఎక్కడ కూర్చోవాలో ఫాంటులోని నియమాలు చూసుకుంటాయి. కడ్డీ లేదు, గడుల కొరత లేదు.

అయినా ప్రెస్సులు వెంటనే మారలేదు. దానికి బద్ధకం కారణం కాదు. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7తో ఆ సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది, దానికి యూనికోడ్ తెలియదు. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులు సరిగా కుదరడానికి 2012లో సీఎస్6 వెర్షన్ రావాల్సొచ్చింది. ఆలోపు పని ఆగదుగా. రచయితలు ఇవాళ ఫోనులో యూనికోడ్‌లో పంపిన మ్యాటర్‌ను కన్వర్టర్‌లో వేసి అను ఫాంటులోకి మార్చుకునే చోట్లు ఇప్పటికీ నాకు తెలుసు.

ఇక మీ రెండో ప్రశ్న. రేపు మీరు యాప్‌కో వెబ్‌సైటుకో డిజైన్ చేస్తారు. లాటిన్ ఎత్తుకు కొలిచి చేసిన బటన్లో తెలుగు పెడితే కింద వత్తు తెగిపోతుంది. ఆ తెగిన వత్తును చూడగానే కారణం తట్టడానికి ఈ చరిత్ర కావాలి. ఫాంటు ఎంచుకునే ముందు ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ అని టైపు చేసి, కిందనే ఇంకో వరుసలో ‘శ్రీ’, ‘కీర్తి’ పెట్టి, పై వత్తు కింది గుడికి తగులుతోందేమో చూడండి. మండలి, రామభద్ర, బాలూ తమ్ముడు, నోటో సాన్స్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. నాలుగింటితోనూ ఒకే పేరా పక్కపక్కన పెట్టి చూడండి. మామూలు పేరాకు వరుసల ఎడం అక్షరం సైజుకు 1.6 రెట్లతో మొదలుపెట్టి, వత్తులు ఎక్కువున్న మ్యాటర్ అయితే ఇంకాస్త పెంచండి. బటన్ ఎత్తును మాత్రం ఎప్పుడూ ‘రాష్ట్రం’ పెట్టి కొలవండి.